బోరింగ్ చేయించిన యమహా 15: మొదటి పది గంటలు ఎలా నడపాలి?

ఉప్పాడ కుర్రోడు | జూన్ 1, రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండి. మాది ఉప్పాడ. నాన్నగారి ఫైబర్ నావకి వెనక బిగించే యమహా ఎండ్యూరో 15 ఇంజన్ ఉంది. రెండు సిలిండర్లు, 2 స్ట్రోక్. మార్చిలో వేట నుంచి వస్తుంటే ఒడ్డు ఇంకా గంట దూరం ఉందనగా పట్టేసింది. ట్యాంకులో ఆయిల్ నేను పోశానని నాన్న, నాన్న పోశారని నేను. ఇద్దరం పోయలేదు. పక్క నావ వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యాక ఇంజన్ విప్పించాం. సిలిండర్లు బోరింగ్ చేసి, అంటే లోపలి గోడని కొంచెం వెడల్పుగా చెక్కి, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేశారు. క్రాంకు సీళ్ళు, హెడ్ గ్యాస్కెట్ కూడా మార్చారు. అంతా కలిపి 31 వేలు అయింది. నిన్ననే బిగింపు పూర్తయింది. జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం ముగుస్తుంది, 15 తెల్లవారుజామున నావ దింపాలి.

ఇక్కడే టెన్షన్. బిగించిన మెకానిక్ ఏమో "డ్రమ్ములో నీళ్ళు పోసి రాత్రంతా స్లోలో వదిలెయ్, పొద్దుటికి సెట్ అయిపోతుంది" అన్నాడు. మా బావ ఏమో "మొదటి పది నిమిషాలు ఫుల్ రేజింగ్‌లో లాగు, లేకపోతే జన్మంతా మొద్దుగానే ఉంటుంది" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గాలివాటం | జూన్ 1, రాత్రి 9:30

రాత్రంతా డ్రమ్ములో 2 స్ట్రోక్ అంటే ఇంజన్ సంగతి తర్వాత, ముందు నీ వీధివాళ్ళు నిన్ను సెట్ చేస్తారు.

పిస్టన్ మామ | జూన్ 1, రాత్రి 10:47

తమ్ముడూ, ఇద్దరి మాటా వినకు. ముప్పై ఏళ్ళు ఈ ఇంజన్ల మధ్యనే బతికాను, కాస్త ఓపిగ్గా చదువు.

బోరింగ్ అయ్యాక హోనింగ్ చేసినప్పుడు, అంటే గోడని సానపట్టినప్పుడు, సిలిండర్ లోపల అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పడతాయి. జల్లెడ అల్లికలా కనిపిస్తాయి. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య ఉన్న మొనలని కొత్త రింగు కొద్దికొద్దిగా రుద్దుకుంటూ తన ఆకారానికి గోడని, గోడ ఆకారానికి తనని సర్దుకుంటుంది. సెట్ అవడం అంటే ఇదే.

ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, రింగుని గోడకి నొక్కేది రింగు స్ప్రింగు ఒక్కటే కాదు. పైన మండిన గ్యాసు రింగు వెనక గాడిలోకి దూరి బయటికి తోస్తుంది. స్లోలో ఉన్నప్పుడు ఆ ఒత్తిడి చాలా తక్కువ. రింగు గోడని గట్టిగా పట్టుకోదు, ఆయిల్ అక్కడే మాడి గోడకి గాజులాంటి పొర కడుతుంది. గ్లేజింగ్ అంటాం. ఒకసారి అది పట్టిందంటే మళ్ళీ విప్పి హోనింగ్ చేయాల్సిందే. రాత్రంతా డ్రమ్ములో వదిలితే జరిగేది ఇదే. పైగా డ్రమ్ములో ఇంజన్ పొగ నీళ్ళలోకే పోతుంది, నీళ్ళు వేడెక్కి బుడగలు కడతాయి, పంపు సరిగా తోడదు.

ఇక మీ బావ మాటలో సగం నిజం ఉంది. లోడు కావాలి. కానీ కొత్త పిస్టన్ వేడికి ఉబ్బుతుంది, గోడకి దానికి మధ్య ఉన్న సందు తల వెంట్రుక మందం కూడా ఉండదు. చల్లటి ఇంజన్ని ఒక్కసారిగా ఫుల్ లాగితే పిస్టన్ ముందు వేడెక్కుతుంది, చుట్టూ ఉప్పునీళ్ళు తిరుగుతున్న సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది. ఇక పిస్టన్ ఎటు ఉబ్బుతుంది? మార్చిలో చూసిందే మళ్ళీ చూస్తావు.

అసలు పద్ధతి ఇది. మొదటి పది నిమిషాలు న్యూట్రల్‌లో, మరీ స్లో కాకుండా కొంచెం పైకి. తర్వాత 50 నిమిషాలు గేరు వేసి సగం రేజింగ్ దాటకుండా, అంటే సుమారు 3000 చుట్లు. ఆ తర్వాత రెండు గంటలు ముప్పావు వరకు, అంటే 4000 దాకా. ఈ రెండు గంటల్లో మధ్యమధ్యలో ఒక్క నిమిషం ఫుల్ ఇచ్చి, మళ్ళీ పది నిమిషాలు తగ్గించి నడపాలి. ఆ ఒక్క నిమిషం రింగుని గోడకి నొక్కడానికి, పది నిమిషాలు వేడి దిగడానికి. మిగతా ఏడు గంటలు మామూలుగా తిప్పుకో, ఫుల్ మాత్రం ఒక్కసారికి ఐదు నిమిషాలు మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే స్పీడులో పట్టుకుని కూర్చోకు. పెంచు, తగ్గించు, పెంచు. ఇది నా సొంత కవిత్వం కాదు, యమహా వాళ్ళ 2 స్ట్రోక్ పుస్తకాల్లో ఉన్న పది గంటల లెక్కే.

ఉప్పాడ కుర్రోడు | జూన్ 1, రాత్రి 11:05

మామా, చాలా థ్యాంక్స్. మా ఇంజన్‌కి చుట్లు చూపించే మీటరు లేదు. 3000 అని ఎలా తెలుస్తుంది?

నిజాంపట్నం సరంగు | జూన్ 2, ఉదయం 5:50

మీటరు ఎవరి దగ్గరుంది తమ్ముడూ! హ్యాండిల్ పిడిని స్లో నుంచి ఫుల్ దాకా తిప్పి చూడు. సరిగ్గా మధ్యలో మీ ఇంట్లో ఆడవాళ్ళ గోళ్ళ రంగుతో ఒక చుక్క పెట్టు, ముప్పావు దగ్గర ఇంకో చుక్క. సుమారు లెక్కే, కానీ చాలు. నాలుగేళ్ళ క్రితం నేను పెట్టిన ఎర్ర చుక్కలు ఇంకా చెరగలేదు. మా ఆవిడ మాత్రం ఆ సీసా సంగతి ఇంకా అడుగుతూనే ఉంది.

కోనసీమ కిట్టు | జూన్ 2, ఉదయం 7:15

ఆయిల్ సంగతి ఎవరూ చెప్పలేదేంటి? మొదటి పది గంటలు డబుల్ పోయాలి కదా. మా ఊళ్ళో ఆటోలకి వాడే 2టీ ఆయిల్ పోస్తారు, చవగ్గా వస్తుంది.

పిస్టన్ మామ | జూన్ 2, ఉదయం 8:02

కిట్టూ, డబుల్ కరెక్టు, ఆటో ఆయిల్ తప్పు. ఆటో ఇంజన్ గాలితో చల్లబడుతుంది, బాగా వేడిగా నడుస్తుంది. ఆ వేడికి తగ్గట్టు దాని ఆయిల్లో బూడిద మిగిల్చే మందులు కలుపుతారు. మనది నీళ్ళతో చల్లబడే ఇంజన్, చల్లగా నడుస్తుంది. ఆ బూడిద ప్లగ్గు మీద, రింగు గాడిలో పేరుకుంటుంది, రింగు గాడిలోనే అతుక్కుపోతుంది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉండాలి. ఏ కంపెనీ అయినా సరే.

లెక్క: రన్నింగ్-ఇన్‌లో, అంటే ఈ మొదటి పది గంటల్లో, 25కి 1, అంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీ. పది గంటల తర్వాత ఎండ్యూరోకి 50కి 1, అంటే 20 మిల్లీ. ఎర్ర ట్యాంకు 24 లీటర్లది కదా, నిండా కొట్టిస్తే 960 మిల్లీ ఆయిల్. కానీ నిండా వద్దు, పది లీటర్లు కలుపుకో, 400 మిల్లీ. అయిపోయాక మళ్ళీ కలుపుకో.

మూత కొలతలు, "రెండు గుటకలు" కొలతలు వద్దు. మెడికల్ షాపులో పిల్లల పాలసీసా కొను, దాని మీద మిల్లీలు ఉంటాయి. ముందు లీటరు పెట్రోల్లో ఆయిల్ మొత్తం పోసి బాగా కుదిపి, తర్వాత మిగతా పెట్రోలు పొయ్యి. ఆయిల్ ఒక్కటే ముందు ట్యాంకు అడుక్కి పోస్తే అక్కడే కూర్చుంటుంది, మొదటి పది నిమిషాలు ఏది పీలుస్తుందో ఎవరికీ తెలీదు. అన్నట్టు, ఆ సీసా మళ్ళీ ఇంట్లోకి పోకుండా చూసుకో.

లెక్కల మాస్టారు | జూన్ 2, ఉదయం 10:20

ఒక సందేహం మామగారూ. ఆయిల్ రెట్టింపు చేస్తే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది కదా. కార్బురేటర్ జెట్టు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, మారదు. అంటే మంట పలచబడి ఇంజన్ ఇంకా వేడెక్కాలి. ఆయిల్ ఎక్కువ పోయడం వల్లే కొత్త ఇంజన్లు పోతాయని ఒకాయన గట్టిగా వాదిస్తే విన్నాను.

పిస్టన్ మామ | జూన్ 2, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మీ లెక్క తప్పు కాదు, కానీ ఎంత తగ్గుతుందో కూడా వెయ్యండి. 50కి 1లో ఆయిల్ నూటికి రెండు వంతులు, 25కి 1లో నాలుగు. అంటే పెట్రోలు నూటికి రెండు వంతులు తగ్గింది. సగం రేజింగ్‌లో నడిచే ఇంజన్‌కి అది లెక్కలోకి రాదు. కొత్త పిస్టన్‌కి, క్రాంకు బేరింగులకి ఆ రెండు వంతుల ఆయిల్ చేసే మేలు ఎక్కువ. మంట పలచబడి పోయిన ఇంజన్లు నేనూ చూశాను. వాటిలో కార్బురేటర్ జెట్టులో చెత్తో, పెట్రోలు గొట్టంలో గాలో, కారే క్రాంకు సీలో ఉండేది. ఎక్కువ ఆయిల్ వల్ల పోయిన ఇంజన్ ఒక్కటీ నా చేతికి రాలేదు. పొగ వస్తుంది, ప్లగ్గు తడుస్తుంది, అంతే. అందుకే రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా నావలో పడెయ్యమంటాను.

బాపట్ల బుల్లోడు | జూన్ 2, సాయంత్రం 6:33

ఇవన్నీ సరే, బిగించే ముందు పోర్టుల, అంటే సిలిండర్ గోడలో ఉండే కిటికీల, అంచులు గుండ్రం చేశారా అడిగావా? నా గోడు విను.

రెండేళ్ళ క్రితం మాది ఇలాగే బోరింగ్‌కి ఇచ్చాను. లేత్ షాపతను బోరు చక్కగా కొట్టాడు, అద్దంలా ఉంది. కానీ 2 స్ట్రోక్ సిలిండర్ గోడకి కిటికీలు ఉంటాయి కదా, బోరు కొట్టాక వాటి అంచులు కత్తిలా తేలతాయి. వాటిని సన్నగా రాకి గుండ్రం చేయాలి. అతను రోజూ చేసేవి డీజిల్ ఇంజన్లు, వాటికి కిటికీలు ఉండవు, అతనికి ఆ ఊసే తెలీదు. నేనూ అడగలేదు. నీళ్ళలో ఇరవై నిమిషాలు నడిచింది. టక్కుమని ఒక చప్పుడు. విప్పితే పై రింగు మూడు ముక్కలు, ఒక ముక్క పిస్టన్ నెత్తిలో దిగబడి ఉంది. నెల రోజులు ఆయిల్ కంపెనీని తిట్టుకుంటూ తిరిగాను. చివరికి కొత్త బోరు కొట్టినాయన వేలు పెట్టి చూపిస్తే తెలిసింది, తప్పు ఎక్కడో.

ఉప్పాడ కుర్రోడు | జూన్ 2, రాత్రి 8:10

అన్నా, ఇది చదివి గుండె జారిపోయింది. ఇప్పుడే ఫోన్లో బిగించక ముందు తీసిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. పోర్టుల చుట్టూ సన్నటి మెరిసే అంచు కనిపిస్తోంది. లేత్ షాపుకి ఫోన్ చేస్తే "అది చేయకుండా ఎలా ఇస్తానయ్యా" అని కొంచెం కోప్పడ్డాడు కూడా. పిస్టన్ మీద "అప్" అని ఉన్న గుర్తు ఫ్లైవీలు వైపే ఉంది. రింగు కొసలు గాడిలో ఉన్న చిన్న పిన్ను దగ్గరే కలిశాయి, అది బిగించేటప్పుడు నేనే టార్చి పట్టుకున్నాను.

బాపట్ల బుల్లోడు | జూన్ 2, రాత్రి 8:14

అయితే నీది గట్టి ఇంజనే. నాకూ అలా టార్చి పట్టుకునే కొడుకు ఉంటే బాగుండేది.

హ్యూస్టన్ రాజు | జూన్ 3, తెల్లవారుజామున 3:25

టెక్సస్ నుంచి. నాది మెర్క్యురీ 4 స్ట్రోక్, సరదాకి చేపలు పట్టుకునే బోటు. దీనికీ ఇంచుమించు ఇదే పది గంటల వరస. మొదటి గంట 3500 దాటకుండా, రెండో గంట 4500 దాకా, పది నిమిషాలకోసారి నిమిషం ఫుల్, మిగతా ఎనిమిది గంటలు ఐదు నిమిషాలకి మించి ఫుల్ వద్దు. పెద్ద తేడా ఆయిల్ దగ్గరే.

కోనసీమ కిట్టు | జూన్ 3, ఉదయం 6:40

మా పెదనాన్న వాళ్ళు కొత్తగా 4 స్ట్రోక్ కొన్నారు. దానికీ 25కి 1 కలపమని చెప్పనా?

పిస్టన్ మామ | జూన్ 3, ఉదయం 6:52

చెప్పకు బాబూ!! 4 స్ట్రోక్‌కి ఆయిల్ చాంబర్ వేరే ఉంటుంది, పెట్రోల్లో చుక్క కూడా కలపకూడదు. ఇప్పుడే ఫోన్ చెయ్యి.

కోనసీమ కిట్టు | జూన్ 3, ఉదయం 7:05

చేశాను. ఇంకా కలపలేదట. బతికిపోయాను.

లెక్కల మాస్టారు | జూన్ 3, ఉదయం 9:30

ఉప్పాడ అబ్బాయీ, ఇంతకీ ఎక్కడ నడుపుతావు? నిషేధం ఇంకా పదకొండు రోజుల పైనే ఉంది. ట్రయల్ అని చెప్పి సముద్రంలోకి పోతే, ఆపినవాడు వినడు. కేసు రాస్తే వేట నిషేధ భృతి దగ్గర కూడా తలనొప్పి.

ఉప్పాడ కుర్రోడు | జూన్ 3, ఉదయం 10:15

అదే ఆలోచిస్తున్నా మాస్టారూ. ఇంకో చిక్కు కూడా ఉంది. మా ఒడ్డున అల దాటాలంటే ఫుల్ రేజింగ్ ఇవ్వక తప్పదు. అల మధ్యలో "అన్నా, సగమే ఇస్తాను, రన్నింగ్-ఇన్‌లో ఉన్నాను" అంటే సముద్రం వింటుందా?

నిజాంపట్నం సరంగు | జూన్ 3, ఉదయం 11:00

హహ, వినదు. అందుకే ఏటిలో చెయ్యి. ఇంజన్ ఇద్దరు మోసుకుపోయేదే కదా. కాకినాడ ఏటిమొగ దగ్గర చుట్టాలు ఎవరైనా ఉంటే వాళ్ళ నావకి బిగించి ఉప్పుటేరు లోపలి వైపు తిప్పు. ముందు మత్స్యశాఖ వాళ్ళకి ఒక మాట చెప్పు. నావలో వల పోగు కూడా ఉంచకు. ఇద్దరు మనుషులు చాలు, బరువు వద్దు. మనిషి పడిపోతే ఇంజన్ని ఆపేసే ఎర్ర కిల్ స్విచ్ తాడు చేతికి కట్టుకోవడం మర్చిపోకు, ఏరే కదా అనుకుంటే అక్కడే మునుగుతాం.

పోటు మీద ఉన్నప్పుడు వెళ్ళు. పాటు మీద వెళ్తే ఫ్యాను బురద తవ్వుతుంది, పంపు ఆ బురదే తాగుతుంది.

గాలివాటం | జూన్ 3, మధ్యాహ్నం 12:20

పెట్రోలు గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీళ్ళని లాక్కుంటుంది. మన ఒడ్డున గాలే తడి, ట్యాంకు మూత గాలి స్క్రూ తెరిచి వదిలేస్తే ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. నీళ్ళు ఒక స్థాయి దాటితే ఇథనాల్, నీళ్ళు కలిసి అడుక్కి దిగిపోతాయి. ఆయిల్ మాత్రం పైన పెట్రోలుతో ఉండిపోతుంది. ట్యాంకు పీల్చేది ఎక్కడినుంచి? అడుగు నుంచి. అంటే ఆయిల్ లేని నీళ్ళ సరుకు కొత్త ఇంజన్లోకి. నువ్వు ఆయిల్ సరిగానే పోసి ఉంటావు, అయినా పట్టేస్తుంది.

మార్చి నుంచి ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు ఏదన్నా ఉంటే పారబోయకుండా వేరే పనికి వాడుకో, దీనికి మాత్రం వద్దు. గాజు సీసాలో కొంచెం పోసి గంటసేపు ఉంచి చూడు, అడుగున వేరే పొర కనిపిస్తే అర్థమవుతుంది. నీళ్ళు వడకట్టే ఫిల్టరు ట్యాంకుకి ఇంజన్‌కి మధ్య వేయించుకుంటే ఇంకా మంచిది.

ఉప్పాడ కుర్రోడు | జూన్ 5, రాత్రి 9:48

మొదటి రోజు రిపోర్టు.

మావయ్య నావకి బిగించాం. పాత పెట్రోలు సీసాలో పోసి చూశాను. అడుగున బొటనవేలి గోరంత పొర, మబ్బుగా ఉంది. ట్యాంకు కడిగేశాను. కొత్తగా పది లీటర్లు, పాలసీసాతో 400 మిల్లీ.

తాడు ఏడోసారి లాగితే స్టార్ట్ అయింది. పొగ చూసి గట్టు మీద పిల్లలు దోమల మందు కొడుతున్నారనుకున్నారు. పది నిమిషాలు న్యూట్రల్, తర్వాత గోళ్ళ రంగు చుక్క దాటకుండా గంట వరకు. మధ్యలో పెంచుతూ తగ్గిస్తూనే ఉన్నాను.

గంటా ఇరవై నిమిషాలకి ఒళ్ళు చల్లబడింది. ఇంజన్ వెనక నుంచి వచ్చే నీటి ధార సన్నబడి, చుక్కలు చుక్కలుగా పడి, ఆగిపోయింది. వెంటనే ఆపేశాను. పంపు ఇంపెల్లర్, అదే నీళ్ళు తోడే రెక్కల చక్రం, మార్చలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పిస్టన్ మామ | జూన్ 5, రాత్రి 9:59

ఆపి మంచి పని చేశావు. హెడ్డు మీద నీళ్ళు చిలకరించి చూశావా? చుయ్‌మన్నదా?

ఉప్పాడ కుర్రోడు | జూన్ 5, రాత్రి 10:12

చూశాను మామా, చుయ్ అనలేదు. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడే ఉంది. మావయ్య వల కుట్టే నైలాన్ పోగు మందంది ఒకటి తీసి, నీళ్ళు వచ్చే ఆ చిన్న రంధ్రంలోకి జానెడు తోశారు. నల్లటి బురద ముద్ద ఊడిపడింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే ధార గట్టు దాకా కొట్టింది.

పిస్టన్ మామ | జూన్ 5, రాత్రి 10:20

అయితే పంపు తోడుతోంది, దారే మూసుకుంది. అయినా రేపు ఆగు. 31 వేలు పెట్టి, ఇంపెల్లర్ దగ్గర పిసినారితనం ఏంటయ్యా? అది రబ్బరు. మార్చి నుంచి ఎండలో పడున్న ఇంజన్, రెక్కలు ఒక పక్కకి వంగి గట్టిపడి ఉంటాయి. కింది గేరుబాక్సు నాలుగైదు బోల్టులే, మార్చేసి అప్పుడు కొనసాగించు.

ఉప్పాడ కుర్రోడు | జూన్ 7, రాత్రి 8:30

మార్చాం. పాతదాని రెండు రెక్కలకి పగుళ్ళు ఉన్నాయి. చేత్తో వంచితే ఒకటి విరిగి నా చేతిలోకే వచ్చింది. ఇంకా ఏమీ మాట్లాడను.

మూడు గంటలు పూర్తయ్యాయి. మొదటి ఫుల్ నిమిషం ఇచ్చినప్పుడు మావయ్య గడియారం చూస్తున్నారు, నేను ధార చూస్తున్నాను. నిమిషం ఇంత పొడుగని తెలీదు.

హ్యూస్టన్ రాజు | జూన్ 8, తెల్లవారుజామున 4:02

ప్లగ్గులు తీసి చూశావా?

ఉప్పాడ కుర్రోడు | జూన్ 8, ఉదయం 7:20

చూశాను అన్నా. పైది కాఫీ రంగు, కిందది నల్లగా జిడ్డుగా ఉంది. భయపడాలా?

పిస్టన్ మామ | జూన్ 8, ఉదయం 8:11

25కి 1లో జిడ్డు ఉంటుంది. తుడిచి రెండూ ఇటుదటు మార్చి బిగించు. జిడ్డు ప్లగ్గుతో పాటు పైకి వెళ్తే ప్లగ్గు తప్పు, కింద సిలిండర్లోనే మళ్ళీ వస్తే అప్పుడు ఆలోచిద్దాం. తెల్లగా బూడిదలా ఉంటేనే అసలు భయపడాలి.

ఉప్పాడ కుర్రోడు | జూన్ 13, రాత్రి 9:05

జిడ్డు ప్లగ్గుతో పాటు పైకి వెళ్ళింది మామా. కొత్త ప్లగ్గు వేశాను, రెండూ ఒకే రంగుకి వచ్చాయి.

పది గంటలు ఈరోజుతో అయిపోయాయి. 34 లీటర్ల పెట్రోలు తాగింది, 1360 మిల్లీ ఆయిల్. రెండు ప్లగ్గులూ తీసేసి, ఫుల్ థ్రాటిల్‌లో పెట్టి తాడు లాగి కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల ఒత్తిడి, చూశాం. బిగించిన రోజు మెకానిక్ చూసినప్పుడు 96, 91 పౌండ్లు. ఈరోజు అదే గేజుతో 112, 110. గేరు ఆయిల్ కూడా మార్చాను. పాలలా తెల్లబడలేదు, అంటే నీళ్ళు చేరలేదు, కొంచెం వెండి పొడిలా మెరుస్తోంది. కొత్తది కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి పొంగాక బిగించాను.

ట్యాంకులో 25కి 1 కలిపినది ఇంకా ఆరు లీటర్లు ఉంది. పారబోయాలా?

లెక్కల మాస్టారు | జూన్ 13, రాత్రి 9:20

పారబోయడం ఎందుకు నాయనా? ఇంకో ఆరు లీటర్ల ఉత్త పెట్రోలు పొయ్యి, 50కి 1 అయిపోతుంది.

పిస్టన్ మామ | జూన్ 13, రాత్రి 9:31

మాస్టారి లెక్కకి తిరుగులేదు. 110, 112 అంటే రెండు సిలిండర్లూ కవలపిల్లల్లా ఉన్నాయి. అంకె ఎంత అన్నదానికన్నా రెండిటికీ తేడా ఎంత అన్నదే నేను చూస్తాను. ఎల్లుండి అల దగ్గర నీకు నచ్చినంత ఇచ్చుకో, కానీ స్టార్ట్ చేశాక రెండు మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి.

ఉప్పాడ కుర్రోడు | జూన్ 15, మధ్యాహ్నం 2:17

పొద్దున నాలుగున్నరకి దింపాం. మూడు అలలు దాటాం, మూడో దాని మీద ఫుల్ ఇచ్చాను, ఎక్కడా తడబడలేదు. తిరిగొచ్చాక మంచినీళ్ళ డ్రమ్ములో పది నిమిషాలు నడిపి ఉప్పు కడిగాను. నాన్న ఇప్పుడు ఆయిల్ పోసినప్పుడల్లా ట్యాంకు మూతకి గుడ్డపీలిక కడుతున్నారు. పీలిక లేకపోతే నావ కదలదు.

గాలివాటం | జూన్ 15, మధ్యాహ్నం 2:40

అన్నీ చెప్పావు, చేపలు ఏం పడ్డాయో చెప్పలేదు.

ఉప్పాడ కుర్రోడు | జూన్ 15, మధ్యాహ్నం 2:44

కానాగంతలు, ఒకటిన్నర బుట్ట. పెట్రోలు డబ్బులు వచ్చాయి.